మాటలు మానేసిన డబ్బాలు

మీటరుకి లోకంలో రెండింటి మీదే గౌరవం. ఒకటి తన బుర్ర, రెండోది తన మెడలో వేలాడే కొలత మీటరు. మిగతా వాళ్లంతా అతని లెక్కలో దద్దమ్మలే. భారీ యంత్రాల కరెంటు జబ్బులు కనిపెట్టడం అతని ఉద్యోగం. ఆ మీటరు మెడలోంచి దిగదు కాబట్టి జనం అతన్ని అలాగే పిలుస్తారు. అదేదో బిరుదనుకుంటాడు మహానుభావుడు.

ఆ ఉదయం సైటులో అడుగు పెడుతూనే వర్క్‌షాపు వాళ్ల మీద విరుచుకుపడ్డాడు. పెద్ద ఎక్స్‌కవేటర్ మట్టి తవ్వుతూ తవ్వుతూ టక్కున ఆగిపోతోంది. ఇంజిన్ కంట్రోలర్ నుంచి సమాచారం రావడం లేదని తెర మీద ఎర్రక్షరాలు పడుతున్నాయి. వాళ్లు ఆ కంట్రోలర్ డబ్బా మార్చారు, ఆగింది. పంపు డబ్బా మార్చారు, మళ్లీ ఆగింది.

"ఫోన్ ఎత్తకపోతే మనిషి పోయినట్టేనా? డబ్బా మాట్లాడ్డం లేదని తెర చెప్తే, డబ్బా చచ్చిందని పాడె కట్టేస్తారా? మధ్యలో తీగ లేదూ? ఇంకెందుకు ఆలస్యం, బకెట్ కూడా మార్చేయండి, ఓ పనైపోతుంది!"

వర్క్‌షాపు వాళ్లు తలలు దించుకున్నారు. తిట్టినా అతనన్నది నిజమే. ఆ డబ్బాలన్నీ రెండు సన్నని తీగల మీదే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. మాట మధ్యలో చెడితే ఇంజిన్ ఆగిపోతుంది.

అసలు ఇరకాటం వేరే ఉంది. ఆ బండి ఆగేది మొదటి షిఫ్టులోనే. మొదటి షిఫ్టు ఆపరేటరు స్వయానా మీటరుకి పిల్లనిచ్చిన మామ. సైటులో అందరూ ఆయన్ని ఇస్త్రీ మామ అంటారు. క్యాబిన్‌లో చెప్పులతో అడుగు పెట్టడు, అద్దం మీద వేలిముద్ర పడనివ్వడు.

మేనేజరు మామను పిలిచి అందరి ముందే తేల్చేశాడు. "రెండో షిఫ్టులో ఆగని బండి మీ చేతిలోనే ఎందుకాగుతోంది? కునుకు తియ్యడానికి మీరే ఆపుతున్నారంటున్నారు. ఇవాళ సంగతి తేలాలి. లేదంటే తాళాలిచ్చి దిగిపోండి."

మామ పై జేబులోని తాళాలు తడుముకున్నాడు. ఆ సీటు తప్ప ఆయనకు మరో లోకం లేదు.

ఆ పొద్దున ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే మీటరు భార్య గుమ్మానికి అడ్డం నిలబడింది. "మా నాన్న పనిలో నిద్రపోయే మనిషి కాదండీ. మీ నోరు కాస్త కట్టిపెట్టి, అదేంటో చూడండి."

"చూస్తాలే. ఆడలేక మద్దెల ఓడని ఊరికే అన్నారా?" అన్నాడు మీటరు.

అదీ అతని నోరు. పోయిన వానాకాలం సీటు స్విచ్చు చూడ్డానికి వచ్చినప్పుడూ అంతే. సీటు వెనక మూత తీసి, పదిమందీ వినేలా, "మావయ్యా, ఇది క్యాబినా, ఎలకల గూడా? ఇంట్లో పక్క దుప్పటి మడత నలిగితే ఊరుకోరు కదా, ఈ వైర్లేంటి ఇలా పెనవేసుకుని చచ్చాయి?" అన్నాడు. సైటంతా పగలబడి నవ్వింది. మామ కూడా నవ్వాడు. మూత బిగించే లోపే మీటరు ఆ మాట మర్చిపోయాడు.

ఇప్పుడు బండి ఆపించి, తీగల చివర్లు కొలిచాడు. అంకె సరిగ్గానే ఉంది. కనెక్టర్లు పట్టి కదిపాడు, లాగాడు. అన్నీ గట్టిగానే ఉన్నాయి. ఇంజిన్ వేయించి లాప్‌టాప్ తగిలించి చూస్తే డబ్బాలన్నీ చిలకల్లా పలుకుతున్నాయి.

'ఇంకేముంది, మామగారి కునుకే' అనుకున్నాడు మీటరు లోలోపల. ఆయన్ని పట్టుకుని తీరాలని క్యాబిన్ మెట్టు మీద నిలబడి, తవ్వమన్నాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం కదా!

మామ తవ్వాడు. నిద్ర కాదు గదా, రెప్ప కూడా వాల్చలేదు. మట్టి ఎత్తుకెళ్లే లారీ కాస్త దూరంగా ఆగింది. సీటు పక్కన కుదురుగా బిగించుకున్న స్టాండులో వాకీటాకీ ఉంది. దాన్ని అందులోంచి తియ్యకుండానే మామ బటన్ నొక్కి, లారీ డ్రైవరుతో "వెనక్కి రా, ఇంకొంచెం" అన్నాడు.

బండి టక్కున ఆగింది.

మీటరు నోరు తెరుచుకుపోయింది. మళ్లీ స్టార్టు చేయించి, మళ్లీ నొక్కమన్నాడు. మళ్లీ ఆగింది. రెండో షిఫ్టు ఆపరేటరు వాకీటాకీని ఏ మూలో పారేసి, కిటికీలోంచి గొంతు చించుకుని అరుస్తాడు. అందుకే వాడి చేతిలో ఆగలేదు. కానీ వాకీటాకీ తరంగాల గోలకి ఈ తీగలెందుకు బెదిరాయి? ఆ గోల సోకకూడదనే కదా రెండు తీగల్నీ జడలా మెలిపెట్టి ఇస్తారు!

సీటు వెనక మూత తీశాడు.

అద్దంలా ఉంది లోపల. ప్రతి వైరూ నిటారుగా, క్లిప్పులు వరస తప్పకుండా. ఆ రెండు తీగల మెలి విప్పేసి, ఒకదాన్ని ఎడమ అంచున, రెండోదాన్ని కుడి అంచున పరిచి కట్టారు. ఎంత ఓపిగ్గా విప్పారో, ఎక్కడా చిన్న గీత పడలేదు. సరిగ్గా అందులో ఒక తీగ పక్కనే వాకీటాకీ స్టాండు.

"ఎవరు విప్పారివి?" వెనకాలే వచ్చిన మేనేజరు అడిగాడు.

"నేనేనండీ. చిక్కుపడ్డాయనుకున్నాను" అన్నాడు మామ.

"విప్పమని మీకెవరు చెప్పారు?"

మామ ఒక్కసారి అల్లుడి వైపు చూశాడు. ఎలకల గూడన్న మాట అప్పుడు గుర్తొచ్చింది మీటరుకి. వర్క్‌షాపుని చీల్చి చెండాడిన నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. ఒక్క ముక్క, 'నేనే వెక్కిరించాను సార్' అంటే చాలు. అనలేదు. ఇంతమంది దద్దమ్మల ముందు తనూ దద్దమ్మ కావడమా!

"ఎవరూ చెప్పలేదండీ. చూడ్డానికి బాగోలేదని" అన్నాడు మామ.

"బండి వైర్ల మీద చెయ్యి వేసినవాడికి నా సైటులో సీటు లేదు. తాళాలు రెండో షిఫ్టు వాడికిచ్చేయండి" అని మేనేజరు వెళ్లిపోయాడు.

నోరా వీపుకు తేకే అంటారు. మీటరు నోరు ఎప్పుడూ వాత తెస్తుంది, కాకపోతే పక్కవాడి వీపుకి. ఛీ, ఆ మీటరుతో తన వెన్నెముకను కొలుచుకుని ఉంటే ఏ అంకె చూపించేదో!

మామ మాత్రం దిగి వెళ్లిపోలేదు. అల్లుడు కొత్త తీగల్ని మెలిపెట్టి కడుతుంటే, వంగుని టార్చి పట్టుకున్నాడు. ఈలోగా రెండో షిఫ్టు ఆపరేటరు బురద బూట్లతో క్యాబిన్‌లోకి ఎక్కేశాడు. మామ ఆ బూట్ల వైపు చూసి, పై జేబులోంచి తాళాలు తీసి ఇచ్చాడు. మళ్లీ టార్చి తీగల మీదికి తిప్పాడు.

"మళ్లీ అలాగే పెనవేస్తున్నావేంటి బాబూ? ఎవరైనా చూస్తే నవ్వరూ?" అని అడిగాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. తెలియకే అడిగాడు.

మీటరు చేతులు ఆగిపోయాయి. "ఇవి ఇలాగే ఉండాలి మావయ్యా" అన్నాడు.

"ఆ మాట అప్పుడే చెప్పకపోయావా" అన్నాడు మామ, టార్చి కదలకుండా పట్టుకుని.