పూడికెత్తిన చేతులు

బాపిరాజుగారి గేదెలు చెరువులో దిగి తీరుబడిగా తాగి వచ్చేదాకా ఊరవతలి పేట ఆడవాళ్లు గట్టు మీద ఎండలో నిలబడ్డారు. వాళ్లు దిగకూడదు, కడవ ముంచకూడదు. పాలేరు వీరన్న తోడి ఎత్తునుంచి పోస్తే పట్టుకోవాలి. స్వరాజ్యం వచ్చిన అయిదో వేసవి అది. ఎవరికి వచ్చిందో ఆ గట్టు మీద నిలబడితే తెలుస్తుంది!

కాలవలకి నీళ్లు కట్టేశారు. సముద్రం పక్క ఊరు కావడంతో పేట నూతిలో ఉప్పునీళ్లే. అవి తాగి పాపాయమ్మ కూతురు పురిటి మంచం మీద విరేచనాలతో నీరసించిపోతోంది. పాపాయమ్మకి కాలు నిలవడం లేదు.

ఆ పూట మంచినీళ్లకి దారి చూడ్డానికి సర్కారు ఇంజనీరుగారు వచ్చారు. గట్టు మీదే కుర్చీలు వేశారు.

“పేటకి నుయ్యి లోతుగా తవ్వించండి. మా చెరువు జోలి వద్దు,” అన్నారు బాపిరాజుగారు.

“ఆ తప్పు మేం చేసేమండి,” అన్నాడు కూలిసంఘం దానియేలు. “పైపైన ఊరే తియ్యనీళ్లు చాలక, ఆశపడి లోతు తవ్వేం. ఉప్పు పైకొచ్చేసింది.”

“పోనీ, ఎగువ నుంచి పడవల్లో తెప్పిస్తే?” అన్నారు ఇంజనీరుగారు.

“కాలవలో నీళ్లుంటే కదండీ పడవ నడిచేది!” అంది పేట ఆడవాళ్లలోంచి సుబ్బమ్మ. జనం గొల్లున నవ్వారు.

ఇంజనీరుగారు అన్నీ బేరీజు వేసుకున్నారు. “ఈ చెరువే మేలు. కానీ పట్టాభూమి. పైకి రాస్తాను, ఉత్తర్వులు రావాలి.”

“అందాకా నా కూతురేం తాగాలండి?” అంది పాపాయమ్మ.

ఇంజనీరుగారు కాగితాలు సర్దుకున్నారు. దానియేలు దగ్గరకొచ్చి, “ఆగత్తా, అర్జీ పెడదాం. ఇప్పుడు దిగితే కొబ్బరి దింపు పన్లు కూడా మానిపించేస్తారు,” అన్నాడు.

పాపాయమ్మకి ఒళ్లు మండిపోయింది.

“ఏటా కాలవ నీళ్లు పెట్టే ముందు ఈ చెరువులో పూడికెత్తేదెవర్రా? నడుంలోతు బురదలో మనం కాదూ? అప్పుడు లేని అంటు, నీళ్లు నిండేసరికి ఎక్కణ్ణించొచ్చింది?”

చరచరా మెట్లు దిగి కడవ ముంచింది. ఆ వెనక సుబ్బమ్మ, ఆపైన పేటంతా. దానియేలు కాసేపు తటపటాయించి, తలగుడ్డ నడుముకి బిగించి తనూ దిగాడు.

“చెరువంతా మైలపడింది! తోడించి పారబోయించండి!” బాపిరాజుగారు ఊగిపోయారు.

వీరన్న చుట్టూ చూశాడు. తోడాల్సినవాళ్లంతా నీళ్లలోనే ఉన్నారు.

“మేం తోడం,” అంది పాపాయమ్మ. “ఇకమీదట పూడికా ఎత్తం. కావాలంటే మీరే దిగండి బాబూ.”

సాయంత్రానికి పోలీసులొచ్చి పాపాయమ్మనీ దానియేలునీ పట్టుకుపోయారు. ఆమె ముంచిన కడవ అప్పటికే సుబ్బమ్మ చంకనెక్కి కూతురి మంచం దగ్గరకి చేరింది.

మర్నాడు వీరన్న రాకముందే పేట ఆడవాళ్లు చెరువులో దిగారు. పొద్దెక్కేసరికి పక్కూరి పేట నుంచి కూడా కడవలొచ్చాయి.