చలిగదికి వెళ్ళిన టమాటాలు

అత్తాకోడళ్ళిద్దరూ గోదాము గుమ్మంలో నిలబడిపోయారు. అబ్బో, ఎంత గది! తలుపు తీయగానే మొహానికి చల్లగాలి కొట్టింది. నేల నుంచి కప్పుదాకా క్రేట్లు, క్రేట్ల నిండా టమాటాలు, అన్నీ ఒక్కతల్లి పిల్లల్లా ఒకే సైజు. ముప్పై ఏళ్ళుగా అర ఎకరంలో టమాటా పండిస్తున్న అత్త నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

"ఇవన్నీ ఎవరు తింటారే?" అని కోడలి చెవిలో గొణిగింది.

"ముందు మనవి కొననివ్వండి అత్తయ్యా."

అదీ నిజమే. పాత బజారు మూతపడి ఏడాదైంది. జనమంతా అద్దాల దుకాణాలకే పోతున్నారు, వాటికి సరుకు ఈ గోదాము నుంచే వెళుతుంది. ఇవాళ తెచ్చిన ఎనిమిది క్రేట్లలో మూడైనా నెగ్గితే సరఫరా కార్డు ఇస్తారు. లేదంటే ఈ పంటకు ఇక గుమ్మం తొక్కనివ్వరు. చేలో మిగిలిన కాయంతా చెట్టునే కుళ్ళాలి.

అందుకే అత్త తెల్లారకముందే లేచి, బజారుకు తీసుకెళ్ళే అలవాటు చొప్పున ఒక్కో కాయా కడిగి, పాతగుడ్డతో తళతళలాడేలా తుడిచింది. అయిదు క్రేట్లయ్యేసరికి నడుం పట్టేసి, మిగతా మూడూ కోడలికి అప్పజెప్పింది. ఆ మహాతల్లి హాయిగా కునుకు తీసింది! దారి పొడవునా అత్త ఆమెను దులిపేస్తూనే వచ్చింది.

తనిఖీ చేసే అమ్మాయి మెరిసే కాయల క్రేటులో అడుగుదాకా చెయ్యి పోనిచ్చి, ఒక కాయ తీసి తొడిమ ఎత్తి చూసింది.

"కడిగారా పెద్దమ్మా?"

"ఇంత పెద్ద చోటికి కడక్కుండా తెస్తామా తల్లీ!"

"అయ్యో! తొడిమ కింద తడి ఉంటే రెండ్రోజుల్లో బూజు పడుతుంది. పక్కవాటికీ అంటుకుంటుంది."

అయిదు క్రేట్లూ పక్కకు జరిగాయి. ఇక మిగిలినవి దుమ్ము కొట్టుకున్న ఆ మూడే. అమ్మాయి వాటినీ అడుగుదాకా తిరగేసి చూసింది.

"ఇవి బాగున్నాయి," అని కార్డు చేతిలో పెట్టింది.

కోడలు నేలచూపులు చూస్తూ నవ్వు ఆపుకుంటోంది. "చాల్లే సంబడం," అంటూ అత్త ఆమె భుజం ఆసరాగా పట్టుకుంది.

మూడు క్రేట్లూ తోపుడుబండి మీద చలిగదిలోకి వెళ్ళాయి. అత్త తలుపుదాకా వెంట నడిచింది. కళ్ళెదుటే పెట్టారా, రెప్ప వేసేసరికి అంత గుట్టలో తనవి ఏవో పోల్చుకోలేకపోయింది. తన చేత్తో పెంచిన కాయలు! గుండె కలుక్కుమంది, ఆ వెంటనే పొంగింది కూడా.

"ఇన్నింట్లో మనవీ ఉన్నాయే," అంది కోడలితో. తలుపు మూసేదాకా అక్కడి నుంచి కదల్లేదు.