సాయా చేతుల కింది పుస్తకం

కాజిమీర్ పోలండు మనిషి. పియానో వాయించేవాడు, సొంతంగా సంగీతం కట్టేవాడు. యుద్ధంలో ఊరూ ఇల్లూ పోయాక ఓడెక్కి రంగూను చేరాడు. బర్మాలో గురువుని సాయా అంటారు కదా, మా పజుండౌంగ్ పేట తెలుగువాళ్లమంతా ఉత్త సాయా అనే పిలిచేవాళ్లం. పెద్ద హోటల్లో కొన్నేళ్లు వాయించాడు. అక్కడ బ్యాండు తీసేశాక మా చర్చిలో వాయించడానికి వచ్చాడు. భోజనం మా ఇంట్లోనే. చేపల పులుసులో మిరపకాయలన్నీ ఏరి కంచం అంచున వరసగా పేర్చి, "మిరియం, మీ అమ్మకి నా మీద కోపమా?" అని అడిగేవాడు.

ఆయన వాయిస్తుంటే పేజీలు తిప్పేది నేనే. నాకు అక్షరాలే సరిగ్గా రావు, ఇంక ఆ చుక్కలూ గీతలూ ఏం తెలుస్తాయి? ఆయన గడ్డం కాస్త ఎత్తితే తిప్పాలి, అంతే. పోలండులో ఉండిపోయిన చెల్లెలి కోసం నల్ల అట్ట పుస్తకంలో ఏళ్ల తరబడి ఒకే సంగీతం రాస్తూ వచ్చాడు. రాసినంత మేరా రోజూ మొదటినుంచీ వాయించేవాడు. ఆఖరి పేజీ మాత్రం దగ్గుతో మంచాన పడ్డాక రాశాడు. "లేచాక వాయిస్తాను, నువ్వే తిప్పాలి" అన్నాడు. లేవలేదు. అప్పటికి నాకు పదిహేడేళ్లు.

మా వాళ్లలో మనిషి పోతే, వాళ్ల పాటల పుస్తకం చేతుల కింద పెట్టి పంపుతాం. అక్కడికెళ్లి వెతుక్కోకూడదని. సాయా దిండు కింద ఆ నల్ల పుస్తకం ఉంది. తీసి పెట్టెలో ఆయన చేతుల కింద పెట్టింది నేనే. అమ్మ నా తల నిమిరింది కూడా.

మొన్న వానాకాలంలో మా మనవరాలు డోరతీ ఫోనులో ఒక పోలండు పిల్ల కనిపించింది. హాంకా అట, సాయా చెల్లెలి మనవరాలు. సాయా ఆఖరి ఉత్తరం చూపించింది. రాసింది పూర్తయిందట, దానికి నకలు లేదట, తనకేమైనా అయితే మిరియంని అడగమన్నాడట.

"ఏటి మామ్మా, అలా సూస్తన్నావు? పుస్తకం ఎక్కడుందో సెప్పు."

"కాలిపోయిందని సెప్పీ."

"నిజంగా కాలిపోయిందా?"

"నిజమైతే నిన్నెందుకు సెప్పమంటానే, నేనే సెప్దును."

దాచి ఏం చేసుకుంటాను? అంతా చెప్పాను, డోరతీ ఇంగ్లీషులో ఆ పిల్లకి చెప్పింది. ఆ సమాధి ఏదని హాంకా అడిగింది. ఆ శ్మశానం ఎత్తేసి పాతికేళ్లు దాటింది, ఇప్పుడక్కడ బస్సులు ఆగుతున్నాయని అదీ చెప్పాను. పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

డోరతీ నావైపు తిరిగి అంది, "మామ్మా, నీకు రాగం ఏటైనా గ్యాపకం ఉందా అని అడుగుతంది."

పళ్లు లేని నోటితో మొదలుపెట్టాను. అక్కడ ఆ పిల్ల పియానో మీద ఒక్కో మెట్టూ తడుముకుంటూ నా వెనకే వచ్చింది. సాయా గడ్డం ఎత్తే చోటు వచ్చినప్పుడల్లా నా చెయ్యి దానంతటదే కదిలింది. అలా పదకొండుసార్లు. తర్వాత ఆగిపోయాను.

"ఆపేసినావేటి మామ్మా? మరిసిపోనావా?"

"లేదే. ఆ పేజీ నేను తిప్పలేదు."

డోరతీ ఆ మాట చెప్పింది. హాంకా మెట్టు మీద వేలు అలాగే ఉంచి కూర్చుంది.