మీసాల బ్రష్షు

ఆ పళ్ళ ఆసుపత్రిలో అందరూ ఆమెను కిలకిల అనే పిలుస్తారు. ఎనిమిదేళ్ళుగా డాక్టరమ్మ పక్కన నిలబడి బ్రష్షులూ దూదీ అందిస్తోంది. పిల్లల పళ్ళు పుచ్చకుండా పూత వెయ్యడానికి పరీక్ష రాసి, సర్టిఫికెట్ తెచ్చుకుని కూడా ఏడాది దాటింది. అయినా తనే సొంతంగా పని చేసుకునే రెండో కుర్చీ దక్కలేదు. "నవ్వితే నీ చెయ్యి వణుకుతుంది. నువ్వు నవ్వని రోజేది?" అనేది డాక్టరమ్మ. అదీ నిజమే మరి, ఏం చేస్తాం! దూది ఉండ కింద పడినా పొట్ట పట్టుకుని నవ్వే మనిషి.

ఆ ఉదయం ఎందుకో డాక్టరమ్మ మనసు కరిగింది.

"ఏడేళ్ళ పాప వస్తోంది. దవడ పన్ను ఒక్కటి నువ్వే చెయ్యి. నేను వేలు కూడా పెట్టను. పూత నిలిచిందా, రెండో కుర్చీ నీది. లేదంటే ఇంక నన్నడక్కు."

కిలకిల గాల్లో తేలుతూ వెళ్ళి కొత్త బ్రష్షుల పెట్టె విప్పింది. సన్నటి పిడి, చివర ఆవగింజంత కుచ్చు. ఎప్పుడూ, పూత అంటుకోవడానికి ముందుగా పన్నుకి రాసే యాసిడ్‌కి గులాబీ రంగుది, పూతకి నీలం రంగుది. ఈసారి కంపెనీవాడు, మహానుభావుడు, అన్నీ తెల్లవే పంపాడు! ఒకటి బదులు ఒకటి ముంచితే పనంతా గోవిందా. అందుకని పెన్ను తీసి యాసిడ్ బ్రష్షు పిడి మీద గుండ్రటి కళ్ళజోడు గీసింది, పూత బ్రష్షు మీద గుబురు మీసం గీసింది. తన తెలివికి తనే మురిసిపోయింది.

పాప వాళ్ళ తాతయ్యతో వచ్చింది. కిలకిల ఆయన వైపు చూడను కూడా లేదు. బుగ్గలో దూది పెట్టి, కళ్ళజోడు బ్రష్షుతో యాసిడ్ అద్ది, కడిగి, గాలితో ఆరబెట్టింది. పన్ను సుద్దముక్కలా తెల్లబడింది. ఇక తడి తగలకూడదు. మీసాల బ్రష్షు ఎత్తింది.

"తాతయ్య నా నోట్లోకొస్తున్నాడు!" అంది పాప దూది మధ్య నుంచి, పకపకా నవ్వుతూ.

కిలకిల వెనక్కి తిరిగి చూసింది. మూలన కూర్చున్న తాతయ్యకి అచ్చం అవే మీసాలు! పన్ను నిండా ఉమ్ము. చేసిందంతా పోయింది.

డాక్టరమ్మ చేతులు కట్టుకుంది. అది చూసి కిలకిలకి ఏడుపొచ్చింది. కానీ గొంతులో నవ్వు కూడా ఎగదన్నుతోంది, పాడు నవ్వు.

దూది మార్చి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి పన్ను ఆరగానే పాప చెవిలో చెప్పింది. "తాతయ్య నీ పన్ను గుంటలో పడుకుంటాడట. నువ్వు నవ్వితే వరదొచ్చి కొట్టుకుపోతాడు. ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా నవ్వు బిగపట్టుకో తల్లీ."

పాప కళ్ళు పెద్దవి చేసుకుని బిగుసుకుపోయింది. మీసాల బ్రష్షు గుంటలోకి దిగి, పూత పరిచి పైకొచ్చింది. పూతని గట్టిపరిచే నీలం దీపం వెలిగింది. తాతయ్య జేబురుమాలు నోట్లో కుక్కుకున్నాడు. ఒకటి, రెండు, మూడు... పన్నెండో అంకె దగ్గర ఆయన ముక్కులోంచి కీచుమని శబ్దం వచ్చింది. కిలకిల పెదవి కొరుక్కుంది. పొట్ట అదురుతోంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. చెయ్యి మాత్రం రాయిలా ఉంది.

దీపం ఆరింది. గది గదంతా ఒక్కసారిగా గొల్లున నవ్వింది.

డాక్టరమ్మ ఒక్కతే నవ్వకుండా వచ్చి, సూదిమొన పెట్టి పూతని గట్టిగా గీరింది. ఊడలేదు. ఇంకో వైపు నుంచి గీరింది. అక్కడా ఊడలేదు.

"నిలిచింది" అంది. తర్వాత ట్రేలోంచి మొదటి బ్రష్షు తీసి, తన గుండ్రటి కళ్ళజోడు సర్దుకుని, పిడి కేసి చూసింది. "అయితే యాసిడ్ నేనన్నమాట!"

కిలకిల నవ్వు ఠక్కున ఆగిపోయింది. "కాదు మేడమ్, అదీ... ఊరికే..."

"ఇంకా మూడు దవడ పళ్ళున్నాయి" అంటూ డాక్టరమ్మ రెండు కొత్త బ్రష్షులు ఆమె చేతిలో పెట్టింది. పెదవి అంచు వణుకుతోంది. "పాపని నీ కుర్చీలోకి తీసుకెళ్ళు. ఈసారి నన్ను కాస్త అందంగా గియ్యి."