మూత తీయని డబ్బా

ఒళ్ళో డబ్బా ఇంకా వెచ్చగానే ఉంది. తెల్లవారుజామున మూడింటికి వండి, నాలుగింటికి కుక్కి మూత బిగించిన అన్నం. బస్సు కుదిపినప్పుడల్లా ఆ వెచ్చదనం తొడకు తగులుతుంటే అతనికి అరికాలి మంట నెత్తికెక్కుతోంది. ఇదే మధ్యాహ్నానికి రేకుల కింద మగ్గి, మూత తీయగానే తీగలు సాగుతుంది.

పక్క సీట్లో బావ కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అక్క మొగుడు. ఇనుప కడ్డీలు కట్టే పని ఉందని అతనే చెప్పి బావని ఈ దేశానికి రప్పించాడు. నాలుగు రోజులుగా కడుపు నిలవడం లేదు. చొక్కా హ్యాంగరుకు వేసినట్టు వేలాడుతోంది.

"ఈరోజన్నా డాక్టరుకి చూపించుకుందాం బావా."

"మీ అక్క వంట ఇరవయ్యేళ్ళు తిన్నాను. అప్పుడు పోని ప్రాణం దీనికి పోతుందా?" బావ నవ్వబోయి పొట్ట పట్టుకున్నాడు.



ఏడేళ్ళుగా ఈ దేశంలో కడ్డీలకు తీగ చుట్టి చుట్టి అతని చూపుడు వేళ్ళు వంకర తిరిగాయి. సెలవురోజున అందరూ ముసుగుతన్ని పడుకుంటే అతను కనబడిన బస్సెక్కి ఆఖరి స్టాపుదాకా పోయేవాడు. అలా ఒకసారి పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టె దొరికింది. కాలుతున్నా ఆగలేక, ఊదుకుంటూ నడిరోడ్డు మీదే తినేశాడు. ఇంకోసారి కాలిబాట పగుళ్ళలో ఎర్రటి కాడలతో గంగవాయిలి కూర! జనం దాన్ని తొక్కుకుంటూ పోతున్నారు. అతను చొక్కా విప్పి మూట కట్టుకొచ్చి, పప్పులో వేసి గదిలో ఎనిమిదిమందికీ పెట్టాడు. ఆ రాత్రి గిన్నె కడిగే పని కూడా లేకపోయింది. అప్పట్నుంచీ అతని పేరు ఆకుల బాబాయ్.

పోయిన నెల మేనేజరు గదుల్లో వంట బందు చేసి పొయ్యిలు పట్టుకుపోయాడు. అప్పట్నుంచి కంపెనీ వంటశాలలో నింపిచ్చే ఈ డబ్బాలే. పన్నెండున్నరకు అందరూ కుళాయి దగ్గర వరస కట్టి అన్నాన్ని మూడుసార్లు కడుక్కుని తినడం మొదలుపెట్టారు. "కడిగితే ఏం కాదు బావా" అని నేర్పింది తనే. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా తన చెంప తనే పగలగొట్టుకోవాలనిపిస్తోంది.

బస్సు దిగగానే మేస్త్రీ అందరినీ ఆపాడు. "ఈరోజు తనిఖీకి ఆఫీసరు వస్తాడు. డబ్బాలు ఇక్కడ పెట్టేయండి. క్యాంటీన్లో వేడన్నం. అడిగితే రోజూ ఇదే అనండి. అర్థమైందా?"

ముప్ఫై డబ్బాల్లో ఇరవైతొమ్మిది గోనెసంచుల్లోకి పోయాయి. అతను తన డబ్బాని చొక్కాలో దోపుకుని పోయి కడ్డీల గుట్ట వెనక పెట్టాడు. మూత మీద మేకుతో గీసిన ఆకు గుర్తు ఎండకు మెరిసింది.

మధ్యాహ్నం బల్లల మీద తెల్లగుడ్డలు పరిచారు. పళ్ళాల్లో పొగలు కక్కుతున్న అన్నం. ఆఫీసరు లోపలికి రాగానే అతను లేచి డబ్బా తెచ్చి మొదటి బల్ల మీద ఠపీమని పెట్టాడు.

"అయ్యా, రోజూ మేం తినేది ఇదీ. మీరే తీయండి మూత" అన్నాడు, ఆవేశంలో తెలుగులోనే.

"ఏయ్ బాబాయ్, కూర్చో!" మేస్త్రీ చెయ్యి పట్టి లాగాడు.

అతను విదిలించుకుని తనవాళ్ళ వైపు తిరిగాడు. "చెప్పండర్రా! నోట్లో అన్నం ఉందా, లేక మీరు బెల్లం కొట్టిన రాళ్ళా?"

ఒక్క తల లేవలేదు. మేనేజరు ఆఫీసరు చెవిలో ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆఫీసరు వాచీ చూసుకుని గుమ్మం వైపు తిరిగాడు.

అప్పుడు బావ లేచాడు. పొగలు కక్కుతున్న పళ్ళెం పట్టుకుని, అందరి మధ్యనుంచి నడిచి, కుళాయి దగ్గర కూర్చుని ఆ వేడన్నాన్ని కడగడం మొదలుపెట్టాడు. ఒకసారి. రెండుసార్లు. అలవాటో, కావాలని చేశాడో బావ మొహం చూస్తే తెలియదు. వెనకే ఇంకొకడు లేచాడు. ఆ వెనక మరో నలుగురు.

ఆఫీసరు ఆగి ఏమిటని అడిగాడు.

"చేతులు కడుక్కుంటున్నారండీ" అన్నాడు మేస్త్రీ.

"అబద్ధం!" ఏడేళ్ళలో నేర్చుకున్న నాలుగు పరాయి ముక్కలు పోగేసుకుని అతను అరిచాడు. "అన్నం కడుగుతున్నారు. కుళ్ళినన్నం. రోజూ!"

ఆఫీసరు జేబులోంచి కలం తీశాడు.

సాయంత్రానికి అతని సంచీ గేటు బయట ఉంది. ఊరికి టిక్కెట్టు, పాస్‌పోర్టు మేస్త్రీ చేతిలో. బావని ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యాను పక్కనే ఆగింది.

"మీ అక్కతో చెప్పు, బాగానే తింటున్నానని."

"చెప్పను. చూసిందే చెబుతా."

"నీ మొండితనం తగలెయ్య" అన్నాడు బావ, బావమరిది చెయ్యి వదలకుండా. డ్రైవరు హారను కొట్టేదాకా వదల్లేదు.

మర్నాడు పదకొండింటికే వేడన్నం వచ్చింది. ఎన్నాళ్ళొస్తుందో ఎవరికీ తెలియదు. ముప్ఫైమందిలో మిగిలినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిన్నారు. మొదటి బల్ల దగ్గర మాత్రం ఎవరూ కూర్చోలేదు. ఆకు గుర్తున్న డబ్బా అక్కడే ఉంది, మూత బిగించి. చీమలు కూడా దాన్ని తప్పించుకుని చుట్టూ తిరిగి పోతున్నాయి.