గుట్ట బాట మీద ఫ్లెక్సీ

మా అమ్మాయి శ్రీసుధ పోయింది జూన్ పదకొండున, శనివారం మధ్యాహ్నం. పద్నాలుగేళ్ళు. పుట్టుకతోనే కాళ్ళలో బలం లేదు. చివరికి ఊపిరితిత్తుల్లోనూ లేకపోయింది. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

పెద్దకర్మ అయిన మరుసటి వారం నా భార్య లలితకుమారి ఉద్యోగానికి బయల్దేరింది. ఇబ్రహీంపట్నంలో ఒక కాలేజీలో ఆమె గుమాస్తా. రెండు గంటలైనా గడవకుండానే హయత్‌నగర్‌లోని మా ఇంటికి తిరిగి వచ్చేసింది. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "రోడ్డు పక్కన సుధ ఉందండీ, ఫ్లెక్సీలో. నవ్వుతోంది" అంది. "అవి దించేదాకా నేను ఆ దారిన పోలేను."

అదేమిటో నాకు తెలుసు. ఇబ్రహీంపట్నం అవతల ఒక వెంచర్ వాళ్ళు ప్లాట్లు అమ్ముతూ, పక్కనున్న గుట్ట మీదికి సిమెంటు బాట వేశారు. ఎక్కడా మెట్లు లేవు. చక్రాల కుర్చీ పోయేంత వెడల్పు, పట్టుకోవడానికి ఇనప కమ్మీ. ఫిబ్రవరిలో ప్రారంభానికి మమ్మల్ని పిలిచారు. సుధ ఒక గుట్ట ఎక్కడం అదే మొదలు. పైన ఎండిన గడ్డి, ఒకదాని మీద ఒకటి కూర్చున్న బండలు, సీతాఫలం పొదలు. "నాన్నా, ఇక్కడ గాలి వాసన వేరుగా ఉంది" అంది. వాళ్ళు ఫోటో తీశారు. వాడుకోవచ్చునని నేను సంతకం పెట్టాను. కొత్త నీలం చుడీదార్ వేయించి తీసుకెళ్ళిందీ నేనే.

వెంచర్ వాళ్ళకు ఫోన్ చేస్తే పని కాలేదు. ఆదివారాలు సైట్ మీద ఐలేష్ అనే మేనేజర్ ఉంటాడు, వచ్చి మాట్లాడమన్నారు. జూలై ఆఖరి ఆదివారం వెళ్ళాను. ఆయన ఎవరికో ప్లాట్లు చూపించడానికి పోయాడంటే, వచ్చేలోగా బాట ఎక్కాను.

చక్రాల కుర్చీలకని వదిలిన దారికి అడ్డంగా మోటారు సైకిళ్ళు నిలిపారు. అడుగు తీసి అడుగు వేస్తే విస్తరాకులు, బీరు సీసాల పెంకులు, పసిపిల్లల డైపర్లు. బండల మీద తెల్ల రంగుతో ఫోన్ నంబర్లు. సీతాఫలం పొదల వెనక నుంచి మూత్రం కంపు. కమ్మీ పట్టుకుంటే చేతికి ఏదో జిడ్డు అంటింది. ఏమిటో చూడకుండా తుడుచుకున్నాను. ఒక సిమెంటు జింక నోట్లో కోడి ఎముక పెట్టి కొందరు ఫోటోలు దిగుతున్నారు.

మొదటి మలుపులో ఒకావిడ మొక్కజొన్న కంకులు కాలుస్తోంది. పక్కన వెంచర్ వాళ్ళు దించేసిన పాత ఫ్లెక్సీల చుట్టలు. కంకులు కొన్నవాళ్ళకు పరుచుకోమని ఇస్తోంది.

"జర కూసో సారు. రెండు కంకులు తీస్కుంటె పరదా ఊకెనే ఇస్త" అంది.

"ఏయ్ జంగమ్మా, ఇంకో రెండు కంకులు!" అని ఎవరో కేకేశారు. అటు చూశాను. ఒక కుటుంబం ఫ్లెక్సీ మీద కూర్చుని బిర్యానీ తింటోంది. నాకు ముందు నీలం చుడీదార్ కనిపించింది. తర్వాత చక్రం. సుధ ముఖం మీద సాలన్ గిన్నె ఉంది. చుట్టూ నమిలి పడేసిన ఎముకలు. ఒకాయన ఎంగిలి వేళ్ళను బొమ్మలోని చున్నీ మీద తుడిచాడు.

దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"కొంచెం లేస్తారా?" అన్నాను.

"గుట్టంత ఖాళీగనే ఉంది గద సారు. మా కిందిదే గావాల్నా నీకు?" అన్నాడాయన.

"బిర్యానీ వాసనకు వచ్చిండేమో, ఓ ముద్ద పెట్టుండ్రి" అంది వాళ్ళలో ఒకామె. అందరూ నవ్వారు.

ఇరవై రెండేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. అయినా, "ఆ ఫోటో..." అని ఆగిపోయాను.

జంగమ్మ కంకులు వదిలేసి వచ్చింది. ఫోటోను చూసింది, నన్ను చూసింది. "అయ్యో, బండిల కూసోని వచ్చిన పిల్ల గదా! నువ్వే గద నూక్కుంట తెచ్చింది. యాడుంది బిడ్డ?"

"పోయింది."

ఆమె వాళ్ళ మీదికి తిరిగింది. "లేవుండ్రి, లేవుండ్రి! బొమ్మ కిందికి బోర్లేసి ఇస్తి గద నేను. ఎవలు మర్లేసిన్రు?"

"తెల్ల దిక్కు మట్టి ఉండె, మర్లేసినం. మాకేమెరుక?" అన్నాడాయన, ఈసారి మెల్లగా. లేచారు. ప్లేట్లు, గిన్నెలు తీసుకుని పక్క బండ మీదికి పోయారు. ఎముకలు అలాగే వదిలేశారు.

వాటిని నేనే ఏరాను. జంగమ్మ నీళ్ళు పోసి కొంగుతో తుడిచింది. నూనె పోయింది, పసుపు పోలేదు. "బొమ్మ మీద కూసుంటె పాపమని ఎప్పుడు బోర్లేసే ఇస్త సారు" అంది. ఆమె మీద కోపం రాలేదు. తిన్నవాళ్ళ మీద ఎంత అసహ్యం వేసిందో, సంతకం పెట్టిన నా చేతి మీదా అంతే వేసింది.

కిందికి వచ్చేసరికి ఐలేష్ డేరాలో టీ తాగుతున్నాడు. "నమస్తే సార్! మీ పాప ఫోటోకు మస్తు రెస్పాన్స్ ఉంది. రెండో ఫేజ్‌కు గూడ అదే ఏస్తున్నం. ఓపెనింగ్‌కు తోల్కరాండ్రి, శాలువా కప్పుదం."

తడి ఫ్లెక్సీ చుట్ట నా చంకలో ఉంది. ఈసారి వాక్యం పూర్తిగా చెప్పాను. "మా అమ్మాయి చనిపోయింది. ఫోటోలన్నీ తీసేయండి."

ఆయన కప్పు కింద పెట్టాడు. "నాకెరుక లేదు సార్" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు. "మీరు సంతకం పెట్టిన్రు గద, రద్దు చెయ్యమని కాయితం రాసియ్యుండ్రి. కారణం చావు అనే రాయుండ్రి. గిసుంటి శకునముంటె ప్లాట్ ఎవడు కొనడు. ఒక్క దినంల అన్నీ దించుతరు మావోళ్ళు."

సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. నేను డేరా వెనక్కి వెళ్ళి వాంతి చేసుకున్నాను.

ఇంటికి వచ్చాక లలిత ఫ్లెక్సీని సబ్బుతో కడిగి దండెం మీద వేసింది, బొమ్మ గోడవైపుకు తిప్పి. "మిగతావి?" అంది.

"కాగితం రాసిస్తే దించుతారట."

"రాయండి మరి."

తేదీ, చిరునామా రాశాను. కారణం దగ్గర ఆగాను. ఏ మాటలు పెట్టి రాసినా వాళ్ళు చదువుకునేది, మా అమ్మాయి తమ ప్లాట్లకు అపశకునమనే. మరో కారణం రాస్తే వాళ్ళు దించరు.

ఇవాళ ఆగస్టు పద్దెనిమిది. ఫ్లెక్సీలు రోడ్డు మీదే ఉన్నాయి. లలిత పనికి వెళ్ళడం లేదు. కాగితం నేనింకా పూర్తి చేయలేదు.