పాఠంలో రాయని జవాబు

కాడుగోడి బడిలో హెడ్‌మిస్ట్రెస్ విజయకుమారి గది తలుపు మూసి ఉంది. లోపల ఆమె ఎదురుగా ఎనిమిదో తరగతి అంబిక నిలబడింది. ఇంగ్లిష్ చెప్పే అబ్రహాం మాస్టారు కిటికీ పక్కన కూర్చున్నారు. ఇంగ్లిష్ పరీక్ష తప్పిన అంబికకు ఇదే ఆఖరి అవకాశం. మళ్లీ తప్పితే బడి మాన్పిస్తానని వాళ్ల నాన్న తెగేసి చెప్పాడు.

"సైగ చేసినా పరీక్ష రద్దు, మాస్టారూ" అని మేడమ్ ముందే హెచ్చరించారు.

మేడమ్ ఇచ్చిన ఇంగ్లిష్ పుస్తకంలోని పాఠాన్ని అంబిక గడగడా చదివింది. అందులో కథ ఇది: ఖాళీ బస్సు డిపోకు వెళ్తోంది. కండక్టర్ విజిల్ వెనక సీటు కడ్డీకి వేలాడుతోంది. గతుకు వచ్చినప్పుడల్లా డ్రైవర్ వేగం తగ్గించి, అద్దంలో వెనక సీటు వైపు చూస్తున్నాడు. ఆవు అడ్డొచ్చినా హారన్ కొట్టకుండా, అది కదిలేదాకా ఆగాడు.

"కండక్టర్ ఏం చేస్తున్నాడు? తెలుగులోనే చెప్పు" అన్నారు మేడమ్.

"కండక్టర్ విజిల్ వేలాడుతోంది మేడమ్."

మాస్టారు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు. ప్రశ్నలోని మాటను పాఠంలో వెతికి ఆ వరుస ఎత్తి రాయడం, ట్యూషన్‌లో ఆమెకు ఎవరో నేర్పిన ఉపాయం. ఎనిమిదో తరగతిదాకా ఆ పిల్ల దాంతోనే నెట్టుకొచ్చింది. మాట దొరికితే అర్థమైనట్టు కాదని ఆయన ఎన్నిసార్లు చెప్పారో!

"విజిల్ సంగతి నేనడిగానా?" మేడమ్ ఎర్ర పెన్ను మూత తీశారు.

"ఇంకోసారి చదువుకుంటా మేడమ్. మనసులో."

మేడమ్ తలూపారు. అంబిక వేలు వరుసల కింద నెమ్మదిగా పాకింది. ఒకచోట ఆగి, వెనక్కి వెళ్లింది. మాస్టారు కిటికీలోంచి బయటికే చూస్తున్నారు.

"పండుకోనుండాడు మేడమ్."

"ఎక్కడ రాసుంది?"

"రాసి లేదు. బస్సులో జనం లేరు. అయినా డ్రైవర్ మెల్లగా పోతాండాడు, హారన్ కొట్టడు. వెనక్కే చూస్తాండాడు. మాయమ్మ నైట్ డ్యూటీ నుంచొచ్చి పండుకుంటే మేమూ కుక్కర్ పెట్టం. విజిలొస్తాది కదా!"

"ఈ మాస్టారు చెప్పారా?"

"సార్ నా పక్క తిరగనే లేదు మేడమ్!"

మేడమ్ పుస్తకం లాక్కుని తానే చదివారు. ఒకసారి కాదు, రెండుసార్లు.

"తొమ్మిదో తరగతిలో కూర్చో" అన్నారు చివరికి, ఎర్ర పెన్నుకు మూత పెడుతూ. "మీ నాన్నతో నేను మాట్లాడతాను."

అంబిక కదల్లేదు. చెయ్యి చాపింది.

"ఆ పుస్తకం ఇస్తారా మేడమ్? ఆ కండక్టర్ని డ్రైవర్ ఎట్ల లేపినాడో చూడాల."